పడ్డవాడి మాట

పోయిన నెల ములుగు వెళ్ళొచ్చాను. మా రాజేశం బావ పోయాడు. మేనత్త కొడుకు, చిన్నప్పుడే తల్లీ తండ్రీ పోతే మా ఇంట్లోనే పెరిగాడు. బస్సు దిగి వాళ్ళ ఇల్లు అడుక్కుంటూ చేరేసరికి దశదినకర్మ భోజనాలు నడుస్తున్నాయి. పెళ్ళిళ్ళకూ చావులకూ తప్ప మేం కలుసుకోక ఏళ్ళు గడిచాయి కాబట్టి ఆ ఇంట్లో నన్ను గుర్తుపట్టినవాళ్ళు తక్కువ. బావ కొడుకు మాత్రం, దండ వేసిన ఫోటో దగ్గర నా పక్కన కూర్చుని, మెల్లగా అడిగాడు.

"చిన్నమ్మా, బాపు ఒక్క ముచ్చట మస్తు సార్లు చెప్పేటోడు. 'గోదల నన్ను పడగొట్టినోళ్ళు ఎక్కువ లేరు గని, సుగుణ మాత్రం పడగొట్టింది' అని నవ్వేటోడు. గదేందో ఎన్నడు ఇప్పి చెప్పలే. నువ్వు గిన కుస్తీ పట్టినవా ఏంది?"

నేను కుస్తీ పట్టలేదు. పట్టలేదని చెప్పి, మిగతాది చెప్పకుండా వచ్చేశాను. వచ్చిపోయేవాళ్ళ మధ్య, పోయినవాడి ఫోటో ముందు, ఆయన కొడుకుకు చెప్పే ముచ్చట కాదది. కానీ తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నంతసేపూ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. అడిగినవాడికి జవాబు ఎగ్గొట్టడం నాకు అలవాటు లేదు. అందుకే రాస్తున్నాను. చదివి ఆ అబ్బాయి నామీద కోపం తెచ్చుకున్నా పరవాలేదు.

మా ఇల్లు వరంగల్ మార్కెట్‌కు వెళ్ళే దారిలో ఉండేది. ముందు దుకాణం, దాని వెనక ఇల్లు, ఇంటి వెనక బాపు కుస్తీ నేర్పే తాలీం. దుకాణంలో పశువులకు పెట్టే తవుడు, పల్లిచెక్క, పత్తిగింజలు అమ్మేవాళ్ళం. ఇంట్లో బట్టలన్నీ పల్లిచెక్క వాసన వేసేవి. కాలేజీలో నా పక్కన కూర్చునే అమ్మాయి ముక్కు చిట్లించి, "మీ ఇంట్ల బర్లున్నయా?" అని అడిగేది. బర్లు లేవు, పహిల్వాన్లున్నారు అనేదాన్ని. బాపును మల్లయ్య సేటు అని పిలిచేవాళ్ళు తక్కువ, మల్లయ్య ఉస్తాద్ అనేవాళ్ళే ఎక్కువ. వయసులో చాలా జాతరల్లో కడియాలు గెలిచాడు. నలిగి నలిగి ఆయన కుడిచెవి ముడుచుకుపోయి ఉండేది. చిన్నప్పుడు నేను ఆ చెవిని పట్టుకునే నిద్రపోయేదాన్నని అమ్మ చెప్పేది. కోడి కూయకముందే లేచి, లోటాడు పాలు నిలబడే తాగి, మూతి తుడుచుకుంటూ తాలీంలోకి పోయేవాడు. ఆ తర్వాత మా ఇంటికి గడియారం అక్కర్లేదు. దండీలు తీస్తున్నప్పటి ఊపిరి చప్పుడు వినిపిస్తే పొయ్యి ముట్టించాలి, తొడలు చరిచిన చప్పుడు వినిపిస్తే పాలు పొంగాలి, బక్కెట్ల చప్పుడు వినిపిస్తే నేను కాలేజీకి జడ వేసుకోవాలి.

కుస్తీ పట్టే గోదాలో పొయ్యడానికి ఏటా ఎండాకాలం చివర్లో బండెడు ఎర్రమట్టి వచ్చేది. దాన్ని బాగు చేసే పని ఆడవాళ్ళది. అమ్మా నేనూ ఆరుబయట కూర్చుని రెండుసార్లు జల్లెడ పట్టేవాళ్ళం. పెసరగింజంత రాయి మిగిలినా ఎవడో ఒకడి భుజంలో దిగుతుందని అమ్మకు భయం. మట్టిలో పసుపు, నువ్వుల నూనె, ఎండిన వేపాకు పొడి వేసి, మజ్జిగ చల్లి, మోచేతుల దాకా ముంచి కలిపేవాళ్ళం. ఆ వాసన ఎలా చెప్పను? తడిసిన నేలా, పసుపు కొట్టిన గడపా, పుల్లమజ్జిగా కలిసిన వాసన. వారాల తరబడి గోళ్ళలో ఉండేది, అన్నం కలుపుకున్నా అదే వచ్చేది. అంత చేసినా, తయారైన మట్టిని గంపల్లో మోసుకుపోయేది మగపిల్లలే. మేం కలిపిన మట్టి మీద మేం కాలు పెట్టకూడదు. అక్కడ గూట్లో ఆంజనేయస్వామి ఉన్నాడు, ఆడవాళ్ళు గడప దాటొద్దు. అమ్మ ఆ మాటను ఎన్నడూ ఎందుకని అడగలేదు. నేను అడిగాను, చెంపదెబ్బ తిన్నాను, అడగడం మానేసి గోడ ఎక్కడం మొదలుపెట్టాను.

మా పెరటికీ తాలీంకూ మధ్య ఒకే గోడ. దానికి ఆనించి కట్టెల మోపులు పేర్చి ఉండేవి, పైన సొరతీగ గుబురుగా అల్లుకుని ఉండేది. కట్టెలు తెస్తానని వెళ్ళి, మోపు మీద నిలబడి, ఆకుల సందులోంచి చూసేదాన్ని. ఎనిమిదేళ్ళప్పుడు మొదలైన ఆ దొంగచూపు ఇంటర్ రెండో సంవత్సరం దాకా సాగింది. ఏ పట్టుకు ఏది విరుగుడో, ఎవడు ఎడమకాలి మీద బరువు మోపుతాడో, ఎవడికి దమ్ము తొందరగా పోతుందో అన్నీ నాకు తెలుసు. తెలిసినట్టు ఎవరికీ తెలియదు. అన్నం వడ్డిస్తూ, "నీ కుడికాలు ముందల పెడుతానవ్, గందుకే పడుతానవ్" అని ఎవరితోనైనా అనబోయి ఎన్నిసార్లు నాలుక కరుచుకున్నానో.

బాపు నేర్పిన న్యాయం అంతా ఆ గోడ మీదే విన్నాను. రెండు భుజాలూ ఒకేసారి మట్టికి తాకితేనే కుస్తీ అయినట్టు. గుద్దొద్దు, గోరొద్దు. చెయ్యి విడిపించుకోవాలంటే నాలుగు వేళ్ళూ కలిపి పట్టాలి తప్ప ఒక్క వేలు పట్టి విరవకూడదు. "ఒక్క ఏలు పట్టేటోడు దొంగ. ఆడు నా తాలీంల ఉండద్దు" అనేవాడు. అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఇంకోటి ఉంది. "పడ్డోడు నోరు తెరవద్దు. లేవాలె, మట్టి కండ్లకద్దుకోవాలె, ఉస్తాద్ కాళ్ళు మొక్కి పోవాలె." ఓడినవాడు సాకులు చెప్పడం మొదలుపెడితే జాతరల్లో ఊరికీ ఊరికీ కొట్లాటలై తలలు పగలడం ఆయన కళ్ళారా చూశాడు. అందుకే ఆ రూల్. మల్లయ్య ఉస్తాద్ తాలీంలో గొడవలుండవని ఊరంతా మెచ్చుకునేది. నాకూ గర్వంగానే ఉండేది.

ఆ రోజుల్లో తాలీంలో అందరికంటే గట్టివాళ్ళు ఇద్దరు. ఒకడు రాజేశం బావ. నవ్వితే ఇల్లంతా వినిపించేది. చౌరస్తా దగ్గర పాత పుస్తకాల దుకాణంలో నాకోసం గైడ్లు వెతికి తెచ్చేవాడు. మా పెళ్ళి చెయ్యాలని పెద్దవాళ్ళ మనసుల్లో ఎప్పటినుంచో ఉంది. నాకూ అయిష్టమేమీ లేదు, దాచడం దేనికి? రెండోవాడు సమ్మయ్య. ధర్మసాగర్ నుంచి రోజూ చీకటితో సైకిల్ తొక్కుకుంటూ వచ్చేవాడు. తండ్రి లేడు, తల్లి నాట్లకూ కోతలకూ కూలికి పోయేది, వెనక ముగ్గురు పిల్లలు. మాటలు తక్కువ. అమ్మ పాలు ఇస్తే తాగి, లోటా తనే కడిగి, అరుగు మీద బోర్లించి పోయేవాడు. బావకు నానబెట్టిన బాదం, సమ్మయ్యకు నానబెట్టిన శనగలు పెట్టేవాళ్ళం. అందులో తేడా ఉందని నాకప్పుడు తోచనే లేదు.

వానలు మొదలైన రోజుల్లో కాజీపేట నుంచి కబురొచ్చింది. ఆటగాళ్ళ కోటా కింద రైల్వేలో కుస్తీ పట్టేవాళ్ళను తీసుకుంటున్నారు, తాలీంకు ఒక్క పేరే పంపాలి. రైల్వే నౌకరీ అంటే మా వైపు మాటలా! క్వార్టర్, దవాఖాన, పాస్. దుకాణానికి వచ్చిన ప్రతివాడూ బాపుకు సలహా చెప్పేవాడే. "ఇంట్ల మేనల్లున్ని పెట్టుకొని ఆలోచన ఏంది ఉస్తాద్? పేరు రాసి పంపుండ్రి." బాపు తవుడు తూస్తూనే అన్నాడు. "మేనల్లుడని పేరు రాసుడైతే గోద ఎందుకు? పూడ్చి బర్లను కట్టేస్త." నాగులపంచమి నాడు పొద్దున ఇద్దరికీ కుస్తీ, గెలిచినవాడి పేరు పోతుందని తేల్చేశాడు.

నాగులపంచమికి అమ్మ పాలూ పేలాలూ పట్టుకుని పుట్టకు పోయింది. నేను తలనొప్పి అని పడుకుని, ఆమె వాకిలి దాటగానే లేచి మోపు ఎక్కాను. తాలీం కిక్కిరిసి ఉంది. బాపు గూటి దగ్గర, నాకు ఎదురుగా, అవతలి వైపు నిలబడ్డాడు. గోడ వైపు మాత్రం ఎవరూ లేరు, గోదాకూ గోడకూ మధ్య జనం నిలబడేంత చోటు లేదు. ఇద్దరూ ఒకరికొకరు మట్టి పూసి, చేతులు కలిపి దిగారు. ఎంతసేపు పట్టారో చెప్పలేను. బావ విసరబోతే సమ్మయ్య జారిపోయాడు, సమ్మయ్య కాలు మెలిపెడితే బావ దూకి తప్పుకున్నాడు. అలా తోసుకుంటూ తోసుకుంటూ గోడ దగ్గరికే వచ్చారు. చివరికి సమ్మయ్య వెనక నుంచి బావ నడుం చుట్టూ చేతులు బిగించి మోకాళ్ళ మీదకు కుంగదీశాడు. బావ ముఖం గోడ వైపు, నా వైపు ఉంది. జనానికీ బాపుకూ కనిపిస్తున్నది సమ్మయ్య వీపు ఒక్కటే. ఆ పట్టు విడదని నాకు తెలుసు. బావకూ తెలిసింది. ఆయన కుడిచెయ్యి పొట్ట మీద బిగిసిన ఆ చేతుల్ని తడిమింది, చిటికెన వేలు ఒక్కటీ దొరకబుచ్చుకుంది, వెనక్కి విరిచింది.

సమ్మయ్య నోరు తెరుచుకుంది, చప్పుడు మాత్రం రాలేదు. పట్టు సడలింది. బావ గిర్రున తిరిగి అతన్ని వెల్లకిలా పడేసి మీద కూర్చున్నాడు. రెండు భుజాలూ మట్టికి తాకాయి. బాపు చెయ్యెత్తాడు, తాలీం అంతా కేకలు. సమ్మయ్య లేచి, మట్టి కళ్ళకద్దుకుని, ఎడమచేత్తో బాపు కాళ్ళు మొక్కాడు. కుడిచెయ్యి చంకలో పెట్టుకున్నాడు. ఎవరో "ఎడమ చేత్తో మొక్కుతాండు సూడు, కోపమచ్చినట్టుంది" అని నవ్వారు. అతను ఏమీ అనలేదు. బట్టలు వేసుకుని, సైకిల్ ఎక్కకుండా నడిపించుకుంటూ పోయాడు. జనం భుజాల మీద ఎత్తుకున్న బావ ఒక్కసారి గోడ వైపు చూశాడు. సొరాకుల మధ్య నా ముఖం కనిపించింది. ఆ చూపులో గెలుపేమీ లేదు.

మధ్యాహ్నం అమ్మ నువ్వుల ముద్దలు పంచుతుంటే నేను బావను పెరట్లో నిలదీశాను.

"ఒక్క ఏలు పట్టినవ్."

"ఎవలు చెప్పిండ్రు?"

"ఎవలు చెప్పాలె? నా కండ్లు లేవా?"

ఆయన అబద్ధం ఆడలేదు. కట్టెల మోపు మీద కూలబడ్డాడు. "పట్టిన. పట్టకపోతే పడేటోన్ని. ఇంకెన్నేండ్లు మీ ఇంట్ల తిని కూసోను, సుగుణా? నౌకరొస్తే క్వార్టర్ ఇస్తరట. మన కోసమే గదా?"

"నా కోసమని ఆని ఏలు ఇరుస్తవా? నేనడిగిన్నా నిన్ను?"

"మామకు చెప్తవా? ఏమని చెప్తవ్? గోడెక్కి మొగోళ్ళ కుస్తీ చూశిన అని చెప్తవా?"

బెదిరించడానికి అన్న మాట కాదది, భయంతో అన్న మాట. కానీ నన్ను అక్కడికక్కడ నిలబెట్టేసింది. సమ్మయ్య నోటికి ఒక రూల్ అడ్డం, నా నోటికి ఒక రూల్ అడ్డం. ఆ రెండు రూల్స్ మధ్యలో దొంగపట్టు హాయిగా గెలిచి కూర్చుంది. అమ్మతో చెబితే, ముందు నెత్తి కొట్టుకుని, తర్వాత తలుపు దగ్గరికి వేసి బతిమాలింది. "ఊకో బిడ్డా. గోడెక్కినవని తెలిస్తే మీ బాపు నిన్ను కాలేజి మాన్పిస్తడు. పెండ్లి గూడ ఆగుతది. ఆ పొలగాడే ఏమనలేదు, నీకెందుకు ఫికర్?"

"అననియ్యలేదు గదనే అమ్మా."

కాలేజీ మానాల్సి వస్తుందన్న మాట నిజమే. మా ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి ఆడపిల్లను నేను. డిగ్రీ చదవాలి, టీచర్ కావాలి అని గోడల మీద బొగ్గుతో రాసుకున్నదాన్ని. ఆ సాయంత్రమంతా లెక్క వేసుకున్నాను. నేను నోరు మూసుకుంటే నా చదువు నాకుంటుంది, బావ ఉంటాడు, కాజీపేటలో క్వార్టర్ ఉంటుంది. ఆ క్వార్టర్లో పొయ్యి ముట్టించిన ప్రతి పొద్దునా చంకలో చెయ్యి పెట్టుకుని సైకిల్ నడిపించుకుంటూ పోయిన మనిషి గుర్తొస్తాడు. అది నావల్ల కాదనుకున్నాను. ఎల్లుండి బావ పేరు రాసిన ఉత్తరం కాజీపేటకు పోతుంది. రేపు పొద్దున చెప్పాలి, గోడ మీద నుంచి కాదు, లోపలికి పోయి చెప్పాలి అని గట్టిగా నిశ్చయించుకున్నాక నాకు భయం తగ్గింది.

మర్నాడు పొద్దున తలస్నానం చేసి తాలీం గడప దాటాను. లంగోటీల మీదున్న పహిల్వాన్లందరూ తువ్వాళ్ళ కోసం పరుగులు. పక్కూరి జాతరలో ఎవరికీ వెనక్కి తగ్గనివాళ్ళు నన్ను చూసి కసరత్తు చేసే కట్టె ముగ్దర్ల వెనక దాక్కున్నారు. బాపు మాత్రం కదల్లేదు.

"ఏందే? ఎవలన్న సచ్చిండ్రా?"

"లేదు బాపు. నిన్నటి కుస్తీ చెల్లది. బావ ఒక్క ఏలు పట్టి ఇరిశిండు. కుడిచెయ్యి, చిటికెన ఏలు."

"నువ్వేడికెళ్ళి చూశినవ్?"

"గోడ మీదికెళ్ళి."

"ఎన్నొద్దులసంది ఎక్కుతానవ్?"

"పదేండ్లసంది." అక్కడితో ఆపలేదు. "నువ్వు ఆ దిక్కున్నవ్ బాపు. వాళ్ళ చేతులు గోడ దిక్కున్నయ్. ఈడ నేను తప్ప ఎవలు లేరు. నన్నేమన్న చెయ్యి గని, ఆ ఉత్తరం పంపకు."

బాపు నన్ను వదిలి బావ వైపు తిరిగాడు. "రాజేశం" అన్నాడు. బావ తల వంచుకున్నాడు. "పడ్డోడు నోరు తెరవద్దన్న గని, గెలిచినోడు తెరవద్దనలే. చెప్పు."

"పట్టిన మామా" అన్నాడు బావ. ఆ రెండు మాటలకూ ఆయన మీద నాకు మళ్ళీ కొంచెం గౌరవం కలిగింది.

బాపు అంగీ వేసుకుని, "చూశినదానివి నువ్వు, నువ్వు గూడ నడువ్" అన్నాడు. ఇద్దరం బస్సెక్కి ధర్మసాగర్ పోయాం. సమ్మయ్య ఇంటి ముందు మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిటికెన వేలు వంకాయలా ఉబ్బి, పసుపూ సున్నం పట్టు వేసి, వెదురుపుల్లతో కట్టి ఉంది. మమ్మల్ని చూసి గబుక్కున లేచాడు. బాపు ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఎందుకు చెప్పలేదురా?"

"పడ్డోడు నోరు తెరవద్దన్నరు గదా ఉస్తాద్."

అతను ఆ మాట దెప్పిపొడవడానికి అనలేదు. నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు. బాపు మంచం అంచున కూర్చున్నాడు. సమ్మయ్య తల్లి చెంబుతో నీళ్ళిస్తే తాగాడు. తాగి, చెంబు కింద పెట్టి, "అది నా తప్పు. రూల్ పెట్టినోనిది తప్పు" అన్నాడు. మా బాపు నోటి నుంచి తన గురించి తప్పు అన్న మాట నేను వినడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. ఆయనను ఓడించడానికి నేను రాలేదు. "పేరు నీదే పోతది. ఏలు మానిందాక మా ఇంట్లనే ఉండు" అని లేచాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా శిక్ష చెప్పాడు. "నువ్వు చెప్పింది నిజం. నువ్వు రూల్ తప్పింది గూడ నిజం. దానికి ఇది మాఫ్ గాదు. తాలీం రూల్ తప్పినోళ్ళకు ఏం శిక్ష?" తెలుసు కాబట్టి చెప్పాను. నలభై రోజులు, అందరికంటే ముందు లేచి, గోదా తవ్వి మట్టి గుల్ల చెయ్యాలి. "రేపటిసంది పార పట్టు" అన్నాడు. కాలేజీ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇంటికొచ్చాక అమ్మ లబలబలాడింది. "ఆడపిల్ల గోదల దిగుడేంది? సామి లేడా ఆడ?" బాపు కాళ్ళు కడుక్కుంటూ అన్నాడు. "శిక్ష పడ్డోళ్ళు దిగాలె. ఆడ, మొగ అని నేనెన్నడు చెప్పలే. సామికి నేను చెప్పుకుంట."

అలా నేను గోదాలో దిగాను. మొదటి రోజు అరచేతులు బొబ్బలెక్కాయి, వారం తిరిగేసరికి కాయలు కాశాయి. నేను కలిపిన మట్టి పాదాల కింద ఎంత మెత్తగా ఉంటుందో పద్దెనిమిదేళ్ళకు తెలిసింది. కోపం, సంతోషం రెండూ ఒకేసారి వచ్చేవి. బాపు గూటి దగ్గర నిలబడి, "ఇంకా లోతుకు, ఇంకా లోతుకు" అంటుండేవాడు. నలభై రోజుల్లో ఒక్క రోజు కూడా తగ్గించలేదు. బావకు ఏడాది గోదా బంద్ అన్నాడు. ఆ ఏడాది గడవకముందే బావ తనంతట తనే ములుగు వెళ్ళి, అడవి ఊళ్ళకు జీపు నడపడం మొదలుపెట్టాడు. పోయే రోజు నా గైడ్లకు అట్టలు వేసి, వరసగా పేర్చి పోయాడు. మా పెళ్ళి మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఏమనేదాన్నో నాకిప్పటికీ తెలియదు.

ఇక్కడ రాయడానికి ఇష్టం లేని సంగతి ఒకటుంది. సమ్మయ్యకు ఆ నౌకరీ రాలేదు. వేలు పూర్తిగా మానకముందే పిలుపొచ్చింది. కట్టుతోనే పోయి, ఒక కుస్తీ గెలిచి, రెండో దాంట్లో పట్టు నిలవక పడ్డాడు. నిజం చెబితే న్యాయం జరిగిపోతుందని నేను నమ్మిన వయసది. చాలా రోజులు అన్నం సయించలేదు. ఒకరోజు లోటా బోర్లిస్తున్న అతనితో, ఆలస్యం చేశాను, గోడ మీదే అరిచి ఉండాల్సింది అన్నాను. "ఉస్తాద్ నా పేరు రాసి పంపిండు గదా చెల్లె. పడుడు, లేసుడు నా పని" అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడని తెలుసు. అయినా ఆ మాట పట్టుకునే కాలేజీ పుస్తకాలు మళ్ళీ తెరిచాను.

ఇప్పుడు తాలీం లేదు. ఆ చోట మూడంతస్తుల గోదాము ఉంది. హన్మకొండలో ఆడపిల్లలు మెత్తటి చాపల మీద కుస్తీ పడుతున్నారు. మా మనవరాలు ఫోనులో చూపిస్తుంటుంది. ముగ్గురు రిఫరీలు, చుట్టూ కెమెరాలు. ఎవరు ఏ వేలు పట్టారో ఆపి, వెనక్కి తిప్పి చూస్తారు. బాగుంది, కళ్ళు పెరిగాయి. నాకు అంతకంటే బాగా నచ్చేది ఇంకోటి. పడిన పిల్ల చెయ్యెత్తి, మళ్ళీ చూడండి అని అడగొచ్చు. అడిగితే ఎవరూ నవ్వరు. మాకు తక్కువైంది కెమెరా కాదు, ఆ అడిగే హక్కు. దాన్ని ఇవ్వడానికి మా బాపుకు యంత్రం అవసరం కాలేదు, ఒక వాచిన వేలు చూస్తే సరిపోయింది.

ఎందుకంటే మరుసటి ఏడు నాగులపంచమి నాటికి తాలీం రూల్ మారింది. గెలుపు చెప్పేముందు పడ్డవాణ్ణి అడగాలి. ఆ పొద్దున కాజీపేట తాలీం కుర్రవాడికీ సమ్మయ్యకూ కుస్తీ. జనం నిండారు. నేను పుట్ట నుంచి అమ్మతో తిరిగొచ్చి, గడప బయట నిలబడ్డాను. బాపు అందరి ముందూ పిలిచాడు.

"సుగుణా, లోపటికి రా. గోడ దిక్కు నిలబడు. ఆ పక్క నాకు కనవడది."

ఇద్దరు పెద్దమనుషులు కండువాలు దులుపుకుని లేచిపోయారు. బాపు పొమ్మనలేదు, ఉండమనలేదు. నేను పోయి గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. కుస్తీ మొదలైంది. ఎప్పటిలాగే సమ్మయ్య తొందరపడలేదు. కాజీపేట కుర్రవాణ్ణి అలవనిచ్చి, అలవనిచ్చి, నా కాళ్ళ దగ్గరే ఒక్క ఊపున ఎత్తి పడేశాడు. తాలీం దద్దరిల్లింది. నా గొంతు కూడా ఆ కేకల్లో కలిసింది. ఏడాదిగా ఆ గెలుపు కోసం ఎదురుచూస్తున్నదాన్ని. బాపు ఎత్తబోయిన చెయ్యి మధ్యలో ఆపి, పడ్డవాణ్ణి అడిగాడు.

"పడ్డవా?"

"ఒక్క భుజమే తాకింది ఉస్తాద్" అన్నాడా కుర్రవాడు. "అబద్ధం!" అని నాలుగు దిక్కుల నుంచీ అరిచారు. బాపు వాళ్ళ వైపు చూడలేదు. నా వైపు చూశాడు. మట్టిలో మోకాలి మీదున్న సమ్మయ్య కూడా తలెత్తి నా వైపే చూశాడు. కుర్రవాడి ఎడమ భుజం కింద, నేలకూ చర్మానికీ మధ్య, సందు ఉండటం నేను చూశాను. చూసి కూడా కేక వేశాను.

"ఒక్క భుజమే బాపు" అన్నాను, అందరికీ వినపడేలా.

బాపు చెయ్యి దించేశాడు. "మళ్ళ పట్టుండ్రి" అన్నాడు. సమ్మయ్య లేచి, కిందపడిన కుర్రవాడికి తన కుడిచెయ్యి అందించాడు.